వైజాగ్‌లో క్యాన్సర్ జెనెటిక్ కౌన్సెలింగ్: దేనికి డబ్బు పెట్టాలి, ఏం అడగాలి

ఇంట్లో ఒకరికి మించి రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చినవాళ్ళు, లేదా చిన్న వయసులోనే ఎవరికైనా క్యాన్సర్ వచ్చినవాళ్ళు వైజాగ్‌లో ఉంటే ఈ రివ్యూ వాళ్ళ కోసం. సిరిపురం జంక్షన్‌కి దగ్గర్లో ఒక సందులో, మందుల షాపు పైన రెండో అంతస్తులో, వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ల మీద జెనెటిక్ కౌన్సెలింగ్ (జీన్ టెస్టు గురించి, దాని ఫలితం గురించి కూర్చోబెట్టి చెప్పడం) చేసే చిన్న సెంటర్ ఒకటి ఉంది. మా ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్ళాం. బాగున్నవాటితో పాటు బాగోలేనివి కూడా రాస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. మీకు వైద్యం చేస్తున్న ఆంకాలజిస్టుని (క్యాన్సర్ డాక్టరుని) అడిగితే ఊళ్ళో ఈ సేవ ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్తారు.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. టెస్టు కంటే కౌన్సెలింగ్‌కే ఎక్కువ విలువ ఇవ్వండి. ఎక్కడైనా "రక్తం ఇచ్చి వెళ్ళండి, రిపోర్టు వాట్సాప్‌లో పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి. మాకు మొదట జరిగింది అదే.

అమ్మకి 59వ ఏట అండాశయ క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. అమ్మ చెల్లెలు, మా పిన్ని, 41 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఈ రెండూ కలిపి చూసి డాక్టరుగారు జీన్ టెస్టు రాశారు. ఒక ల్యాబ్ నుంచి కుర్రాడు ఇంటికొచ్చి, ఫారం మీద సంతకం పెట్టించుకుని, రక్తం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ టెస్టు ఏమిటో, ఏం తేలితే ఏమవుతుందో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. కొన్నాళ్ళకి ఫోన్‌లోకి పెద్ద పీడీఎఫ్ వచ్చింది, మొత్తం ఇంగ్లీషులో. మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో బ్రాకా-1 అనే జీన్ పేరు, దాని పక్కన 'పాథోజెనిక్', అంటే జబ్బు తెచ్చే మార్పు అని. రెండో పేజీలో చెక్2 అనే ఇంకో జీన్, దాని పక్కన 'ప్రాముఖ్యం తేలని మార్పు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. అంతకుముందే ఆపరేషన్ అయ్యాక వచ్చిన బయాప్సీ రిపోర్టులో పి53 మ్యుటెంట్ అని ఉంది. అమ్మ ఆ మూడు పేర్లూ చూసి, "ఏటే, నాకు మూడు జీన్లు పాడైపోనాయా? మూడూ మీకు కూడా ఇచ్చేసానా?" అంది. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "మీ డాక్టర్‌ని అడగండి మేడమ్" అన్నారు. డాక్టరుగారి ఓపీలో బయట అంతమంది కూర్చుని ఉండగా ఇవన్నీ అడిగే వీలెక్కడ? పాపం ఆయనే చీటీ మీద ఈ సెంటర్ పేరు రాసిచ్చి, "వీళ్ళు కూర్చోబెట్టి చెప్తారు, వెళ్ళండి" అన్నారు.

నిజంగానే కూర్చోబెట్టి చెప్పారు.

కౌన్సెలర్ ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. టేబుల్ మీద తెల్లకాగితాలు, పెన్ను, ల్యాప్‌టాప్. మొదట రిపోర్టులు చూస్తుందనుకున్నాం. వాటిని పక్కన పెట్టి, "ఆంటీ, మీ పుట్టింటివాళ్ళ గురించి చెప్పండి" అని మొదలుపెట్టింది. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వృత్తం. క్యాన్సర్ వచ్చినవాళ్ళ గుర్తు నలుపు చేస్తుంది, చనిపోయినవాళ్ళ మీద అడ్డగీత గీస్తుంది. పిన్ని వృత్తం నల్లగా అయింది, అడ్డగీత పడింది. అమ్మ వృత్తం నల్లగా అయింది. తర్వాత తాతగారి అక్కచెల్లెళ్ళ గురించి అడిగితే అమ్మ కాసేపు ఆలోచించి, "చోడవరంలో మా మేనత్త ఉండేదమ్మా. కడుపుబ్బి ఎల్లిపోనాది. గుల్మం అనీవోరు అప్పట్లో" అంది. ఆ మేనత్త సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. కౌన్సెలర్ ఆ వృత్తంలో ప్రశ్నార్థకం పెట్టి, అక్కణ్ణుంచి తాతగారి చతురస్రం మీదుగా అమ్మ దాకా ఒక గీత లాగింది. తాతగారు 80 దాటేదాకా బతికారు, క్యాన్సర్ లేదు. "రుజువు లేదు గానీ, బహుశా ఆయన ద్వారానే వచ్చి ఉంటుంది. ఈ జీన్ తండ్రి నుంచి కూడా అంతే తేలిగ్గా వస్తుంది, ఆంటీ" అంది. అమ్మవైపు జబ్బులు, నాన్నవైపు జబ్బులు అని మనం విడదీసి మాట్లాడుకుంటాం కదా. ఆడవాళ్ళ క్యాన్సర్ కాబట్టి తల్లి వైపే చూడాలనుకోవడం ఎంత పొరపాటో ఆ ఒక్క గీతతో తెలిసిపోయింది.

తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఈ ప్రొటీన్లు ఒంట్లో ఏ పని చేస్తాయి, అవి లేకపోతే ఏమవుతుంది. ఇది అర్థమయ్యాకే మా ఇంట్లో భయం ఒక కొలతకి వచ్చింది. అందుకే ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు వివరంగా రాస్తున్నాను.

మన ఒంట్లో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. చర్మం, పేగు లోపలి పొర, రక్తం, అన్నీ అలా కొత్తవి అవుతూ ఉండేవే. ఒక కణం రెండు కావాలంటే ముందు తనలోని డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీసుకోవాలి. తల్లి నుంచి వచ్చిన 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చిన 300 కోట్లు. అంత పెద్ద పని మొదలుపెట్టే ముందు కణం ఒకచోట ఆగుతుంది. అక్కడ ఆపి ఉంచేది ఆర్‌బీ అనే ప్రొటీన్. డీఎన్‌ఏ నకలుకి కావలసిన జీన్లని ఆన్ చేసే ఈ2ఎఫ్ అనే ప్రొటీన్లని ఆర్‌బీ పట్టుకుని కదలనివ్వదు. పెరగమని బయటి నుంచి సరైన సంకేతం వచ్చినప్పుడు సైక్లిన్లు, సీడీకేలు అనే ఎంజైమ్ జంటలు ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అప్పుడు దాని పట్టు వదులుతుంది, ఈ2ఎఫ్ బయటికి వస్తుంది, కణం నకలు తీయడం మొదలుపెడుతుంది. ఆర్‌బీయే లేకపోతే? సంకేతం వచ్చినా రాకపోయినా కణం ముందుకి వెళ్ళిపోతుంది.

ఇలాంటివాటిని ట్యూమర్ సప్రెసర్లు, అంటే గడ్డలు రాకుండా అడ్డుకునేవి, అంటారు. మన దగ్గర ప్రతి జీన్ రెండు కాపీలు ఉంటుంది, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. వీటిలో చాలావాటికి ఒక కాపీ పాడైనా రెండోది పని నడిపిస్తుంది. రెండూ పోతేనే అసలు చిక్కు. ఈ ఆలోచనకి 1971లో అంకెలతో ఆధారం చూపించినాయన ఆల్‌ఫ్రెడ్ నుడ్సన్ అనే అమెరికన్ డాక్టరు. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే గడ్డ కేసులు 48 తీసుకుని లెక్కలు కట్టాడు. రెండు కళ్ళకీ వచ్చే పిల్లలకి జబ్బు ముందుగా, పసితనంలోనే వస్తోంది. ఒక్క కంటికే వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఆలస్యంగా వస్తోంది. మొదటి రకం పిల్లలు పుట్టుకతోనే ఒక దెబ్బ తిని వచ్చారు, వాళ్ళకి ఇంకొక్క దెబ్బ చాలు. రెండో రకంవాళ్ళకి ఒకే కణంలో రెండు దెబ్బలూ పుట్టాక తగలాలి, అందుకే ఆలస్యం. ఆ జీన్ ఏదో అప్పటికి ఎవరికీ తెలీదు. 1986లో గానీ ఆర్‌బీ జీన్ చేతికి దొరకలేదు.

ఇక్కడ మా నాన్న కల్పించుకున్నారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో, వైర్ రాడ్ మిల్లులో మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "ఒక్క నిమిషం అమ్మా. మా మిల్లులో మోటారు రిపేరుకి దిగేముందు షట్‌డౌన్ తీసుకుంటాం. కరెంటు ఆపేసి స్విచ్ దగ్గర తాళాలు వేస్తాం. ఎలక్ట్రికల్ వాళ్ళది ఒకటి, మెకానికల్ వాళ్ళది ఒకటి. ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే. ఒకళ్ళు తాళం తీసేసినా రెండోది ఉన్నంతసేపూ మోటారు తిరగదు. మా ఆవిడ పుట్టడమే ఒక తాళం లేకుండా పుట్టిందన్నమాట. అంతేనా?"

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అంతే అంకుల్. ఒంట్లో ఏ కణం చూసినా ఒక్క తాళంతోనే ఉంటుంది. ఆ ఒక్కటీ ఉన్నంతకాలం కణం మామూలుగానే ఉంటుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా పోయిందంటే అక్కడ ప్రమాదం మొదలవుతుంది." వెంటనే ఒక తేడా కూడా చెప్పింది, అది నాకు చాలా నచ్చింది. నాన్న చెప్పింది ఆర్‌బీకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది విభజనని నేరుగా ఆపి ఉంచుతుంది. అమ్మలో పాడైన బ్రాకా-1 చేసే ముఖ్యమైన పని వేరు. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోయినప్పుడు, పక్కనున్న సరైన నకలుని చూసి, అక్షరం పొల్లుపోకుండా అతికించే పనిలో అది ఉంటుంది. అది లేకపోతే కణం తెగిన కొసల్ని ఎలా పడితే అలా కలిపేస్తుంది. అక్షరాలు పోతాయి, ముక్కలు తారుమారవుతాయి. అలా తప్పులు పేరుకుంటూ పోయి, ఏదో ఒకరోజు విభజనని ఆపే జీన్లే పాడవుతాయి. పెద్దాయన చెప్పిన పోలికని మెచ్చుకుని ఊరుకోవచ్చు. ఊరుకోకుండా అది ఎంతవరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో చెప్పింది. మమ్మల్ని అర్థం చేసుకోగలిగినవాళ్ళుగా చూసిందన్నమాట.

ఈ బ్రాకా-1 సంగతి కూడా ఊరికే దొరికింది కాదు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వస్తుందంటే చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మని రోజుల్లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి కుటుంబ వృక్షాలు గీసుకుంటూ కూర్చుని, 1990లో ఆ జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉందని తేల్చింది. 1994లో జీన్ దొరికింది, మరుసటి ఏడాది బ్రాకా-2 దొరికింది. సిరిపురంలో ఆ టేబుల్ మీద గీసిన చతురస్రాలూ వృత్తాలూ అలాంటి కాగితాల వారసత్వమే. మా పిన్నికి ఇవేవీ అందలేదు.

ఇక అమ్మని నిద్రపోనివ్వని పి53. దీని గురించి కౌన్సెలర్ చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. పి53ని 1979లో కనిపెట్టారు. అప్పటి పరీక్షలో సుమారు 53 కిలోడాల్టన్ల బరువు ఉన్నట్టు కనిపించడంతో ఆ పేరు. 393 అమైనో ఆమ్లాల ప్రొటీన్. బాగున్న కణంలో దీన్ని కణం తయారుచేస్తూనే ఉంటుంది, ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్ దీన్ని పట్టుకుని నాశనానికి పంపిస్తూనే ఉంటుంది. అందుకని కణంలో ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. డీఎన్‌ఏకి దెబ్బ తగిలిందని కబురు అందగానే ఎండీఎం2 పట్టు సడలుతుంది, పి53 పెరుగుతుంది. పెరిగి ఏం చేస్తుంది? నేరుగా డీఎన్‌ఏ మీద కూర్చుని కొన్ని జీన్లని ఆన్ చేస్తుంది. వాటిలో ఒకటి పి21. అది ఇందాక చెప్పిన సీడీకేలని ఆపేస్తుంది. అవి ఆగితే ఆర్‌బీ పట్టు వదలదు, కణం నకలు తీయకుండా నిలబడిపోతుంది. ఈలోగా మరమ్మతు జరిగితే సరే. జరగనంత దెబ్బ అయితే కణం తనని తాను చంపుకునేలా పి53 వేరే జీన్లని ఆన్ చేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో ఈ ప్రొటీన్ జీన్ పాడై కనిపిస్తుందట.

ల్యాప్‌టాప్‌లో బయాప్సీ స్లైడ్ల ఫొటోలు రెండు చూపించింది. అమ్మవి కావు, నమూనావి. మొదటిదాంట్లో నీలం రంగు కణాల మధ్య అక్కడక్కడా లేత గోధుమరంగు చుక్కలు. రెండోదాంట్లో కణాల మధ్యభాగాలన్నీ ముదురు గోధుమరంగే, ఖాళీ లేకుండా. గోధుమరంగు ఉన్నచోట పి53 ఉన్నట్టు. "వీటిలో ఏది క్యాన్సర్ ఆంటీ?" అని అడిగింది. అమ్మ మొదటిది చూపించింది. కాపాడే ప్రొటీన్ తక్కువగా ఉంది కదా మరి. నేనూ అదే చూపించేదాన్ని. క్యాన్సర్ రెండోది. పి53 పాడైతే చాలాసార్లు అది కణంలో పేరుకుపోతుంది. ఎందుకంటే తనని నాశనం చేసే ఎండీఎం2ని తగినంత తయారుచేయించేదీ పి53యే. పాడైన పి53కి ఆ పని చేతకాదు, కాబట్టి దాన్ని తొలగించేవాళ్ళు ఉండరు, పనికిరాకుండా గుట్టగా పడి ఉంటుంది. ఇంకొన్ని గడ్డల్లో అసలు తయారే కాదు, అప్పుడు రంగు పూర్తిగా ఖాళీ. శాస్త్రజ్ఞులు కూడా మొదటి పదేళ్ళూ దీన్ని క్యాన్సర్ తెచ్చే ప్రొటీన్ అనే అనుకున్నారట, వాళ్ళు ప్రయోగాలు చేసిన కాపీలు పాడైనవి కావడం వల్ల. 1989లో గానీ ఇది కాపాడేదని తేలలేదు.

ఇప్పుడు అమ్మ అడిగిన అసలు ప్రశ్నకి జవాబు. ఆ రెండు రిపోర్టులూ రెండు వేరు వేరు సంగతులు చెప్తున్నాయి. బయాప్సీ రిపోర్టు గడ్డ నుంచి తీసిన ముక్కది. పి53 పాడైంది ఆ గడ్డ కణాల్లో, అది కూడా అమ్మ పుట్టిన ఎన్నో ఏళ్ళకి. అది పిల్లలకి రాదు. అమ్మకి వచ్చిన రకం అండాశయ క్యాన్సర్‌లో అది దాదాపు ప్రతి గడ్డలోనూ ఉంటుంది. 2011లో అమెరికావాళ్ళు అలాంటి గడ్డలు 316 పరీక్షిస్తే 96 శాతంలో కనిపించింది. రక్తంతో చేసిన రిపోర్టులో ఉన్న బ్రాకా-1 మాత్రం పుట్టుకతో వచ్చింది, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది, అది పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశంతో వస్తుంది. మూడోది, ఆ చెక్2 మార్పు, మంచిదో చెడ్డదో చెప్పడానికి ఇంకా సమాచారం చాలనిది. దాని ఆధారంగా ఏ ఆపరేషనూ ఏ నిర్ణయమూ చేయకూడదు. ఇలాంటి మార్పుల్లో ఎక్కువభాగం తర్వాత హాని లేనివిగానే తేలుతాయి. "మూడు కాదు ఆంటీ, ఒకటే. అది కూడా మీరు ఇచ్చింది కాదు, మీకు వచ్చింది" అంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ల్యాబ్‌వాళ్ళు ఆ పీడీఎఫ్‌తో పాటు ఇంతమాత్రం ఫోన్‌లో చెప్పి ఉంటే ఆవిడ అన్నాళ్ళు అలా కుమిలిపోయేది కాదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికే.

ఈ టెస్టు వల్ల అమ్మ వైద్యంలో కూడా మార్పు వచ్చింది. కీమో అయ్యాక వేసుకునే ఓలాపరిబ్ అనే మాత్ర ఉంది. 2014లో అమెరికాలో అనుమతి పొందింది. పార్ప్ అనే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. పార్ప్ చిన్న చిన్న డీఎన్‌ఏ గాయాల మరమ్మతుకి సాయపడేది. దాన్ని అడ్డుకుంటే ఆ గాయాలు డీఎన్‌ఏ రెండు పోగులూ తెగిపోయేదాకా వెళ్తాయి. మామూలు కణంలో మిగిలిన ఒక్క మంచి బ్రాకా కాపీ వాటిని అతికించుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ కాపీ కూడా పోయింది కదా, తట్టుకోలేక చస్తుంది. నాన్న మాటల్లో చెప్పాలంటే, రెండో తాళం పోవడమే ఆ కణానికి మరణశాసనం అయింది. ఈ మాట ఆయనే అన్నారు, కౌన్సెలర్ తలూపింది. మందు మొదలుపెట్టేది ఆంకాలజిస్టే, సెంటర్‌వాళ్ళు ఆ గీత దాటలేదు. నీరసం, రక్తహీనత లాంటివి వస్తాయని, ఆయనతో మాట్లాడుకోమని చెప్పి వదిలేశారు.

తర్వాత నా వంతు. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. అమ్మలో ఏ మార్పు ఉందో తెలుసు కాబట్టి నాకు ఆ ఒక్కచోటే చూస్తే సరిపోతుంది, చాలా జీన్లు ఒకేసారి చూసే మొత్తం ప్యానెల్ అక్కర్లేదు అని కౌన్సెలరే చెప్పింది. ఖర్చు ప్యానెల్‌లో నాలుగో వంతు కూడా కాలేదు. అమ్ముకోవడమే పని అయినచోట ఈ మాట చెప్పరు. రక్తం తీసేముందే ఒక ప్రశ్న అడిగింది: "ఉందని తేలితే మొదట ఎవరికి చెప్తారు?" మా ఆయనకి అన్నాను. "సరే, రిపోర్టు రోజు ఆయన్ని కూడా తీసుకురండి" అంది. రిపోర్టు ఫోన్‌కి పంపలేదు, పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

నాకు ఉంది.

ఆ గదిలో తొందరపెట్టలేదు. మా ఆయన నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా ఆగింది. ఆ తర్వాత అంకెలు. బ్రాకా-1 పాడైన ఆడవాళ్ళలో జీవితకాలంలో నూటికి 60 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది, 39 నుంచి 58 మందికి అండాశయ క్యాన్సర్ వస్తుంది. మామూలుగా అయితే అండాశయ క్యాన్సర్ నూటికి ఒకరి చుట్టుపక్కల ఉంటుంది. ఈ అంకెలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాల నుంచి వచ్చినవని, నా విషయంలో కచ్చితంగా ఇంతే అని పట్టుకోవద్దని కూడా చెప్పింది. రొమ్ముకి ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్. అవి ముందుగా పట్టుకుంటాయి. అండాశయానికి అలాంటి నమ్మకమైన పరీక్ష లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ళ మీద రక్తపరీక్షతో, స్కానింగ్‌తో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి, మరణాలు తగ్గలేదు. అందుకే బ్రాకా-1 ఉన్నవాళ్ళకి పిల్లలు కనడం పూర్తయ్యాక, 35 నుంచి 40 ఏళ్ళ మధ్య, అండాశయాలూ అండవాహిక నాళాలూ తీయించుకోమని సలహా ఇస్తారు. దానివల్ల ముందుగా వచ్చే మెనోపాజ్, ఎముకలు, గుండె సంగతులు కూడా దాచకుండా చెప్పింది. "ఇవాళే నిర్ణయం తీసుకోవద్దు" అని గైనిక్ ఆంకాలజిస్టు పేర్లు రెండు రాసిచ్చింది. నేను ఈ ఏడాది ఎంఆర్ఐ చేయించుకున్నాను, బాగానే ఉంది. ఆపరేషన్ పిల్లల వేసవి సెలవుల్లో పెట్టుకున్నాను.

తమ్ముడిని రప్పించడం కష్టమైంది. "మగాడికెందుకే అక్కా ఈ టెస్టు" అన్నాడు. బంధువులు కూడా అదే మాట. కౌన్సెలర్ వాడితో ఫోన్‌లో మాట్లాడింది, దానికి డబ్బు తీసుకోలేదు. మొదట గీసిన కాగితంలో తాతగారి చతురస్రం గుర్తుచేసి, "మీకు ఇద్దరు ఆడపిల్లలున్నారు కదండీ" అంది. బ్రాకా-2 అయితే మగవాళ్ళకి కూడా ప్రోస్టేట్ క్యాన్సర్ ప్రమాదం బాగా పెరుగుతుంది, బ్రాకా-1లో అంత కాదు అని ఉన్నమాటే చెప్పింది. భయపెట్టి రప్పించలేదు. పిల్లలకి ఇప్పుడే టెస్టు వద్దని, 18 దాటాక వాళ్ళే నిర్ణయించుకోవచ్చని కూడా చెప్పింది. అది విన్నాకే వాడు ఒప్పుకున్నాడు.

ఇక నచ్చనివి. రిసెప్షన్‌లో నా పేరు పిలిచి, హాల్లో అందరికీ వినబడేలా "క్యాన్సర్ జీన్ టెస్టేనా మేడమ్?" అని అడిగారు. మా అపార్ట్‌మెంట్ ఆవిడ ఒకరు మందుల షాపు దగ్గర కనిపించి నేను ఎక్కడికి వచ్చానో అప్పటికే చూసి ఉన్నారు. ఈ ఊళ్ళో ఒక మాట సిరిపురం నుంచి ఎంవీపీ కాలనీకి ఎంత వేగంగా చేరుతుందో మనకి తెలుసు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్న ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. లోపల అంత శ్రద్ధగా మాట్లాడేవాళ్ళు బయట కూర్చునే మనిషికి ఈ ఒక్క సంగతి నేర్పించాలి. రాతపూర్వకంగా చెప్పాను, సారీ చెప్పారు, తర్వాత వెళ్ళినప్పుడు టోకెన్ నంబరుతో పిలిచారు.

రెండోది, రిపోర్టు ఇక్కడ కూడా ఇంగ్లీషులోనే. కౌన్సెలింగ్ అంతా చక్కటి తెలుగులో జరిగాక చేతికి వచ్చే కాగితం అమ్మకి చదవడం రాకపోతే ఎలా? ఒక పేజీ తెలుగు సారాంశం అడిగాను. చేత్తో రాసిచ్చింది, పాపం, కానీ అది అందరికీ అచ్చులో ఇవ్వాలి. లిఫ్టు ఉంది గానీ నాలుగు మెట్లు ఎక్కాకే మొదలవుతుంది, కీమోలో ఉన్నవాళ్ళకి ఇబ్బంది. పార్కింగ్ సాయంత్రం అస్సలు దొరకదు, ఆటోలో వెళ్ళండి. మా ఇన్సూరెన్స్ వాళ్ళు టెస్టు ఖర్చు ఇవ్వలేదు, మీ పాలసీలో ఉందేమో ముందే కనుక్కోండి.

కౌన్సెలింగ్ ఫీజు 1,500 రూపాయలు. రిపోర్టు వచ్చాక కూర్చునే రెండో విడత అందులోనే కలిసి ఉంది. గంటకు పైగా మాట్లాడారు, గడియారం చూడలేదు. నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది రిసెప్షన్ కోసం.

వెళ్ళేవాళ్ళు ఇవి పట్టుకెళ్ళండి: బయాప్సీ రిపోర్టు, ఇదివరకు చేసిన జీన్ టెస్టు ఉంటే దాని అన్ని పేజీలూ, ఇంట్లో ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాసుకున్న కాగితం. ఆ కాగితం కోసం ముందురోజే పెద్దవాళ్ళకి ఫోన్ చేయండి, ముఖ్యంగా తాతగారి అక్కచెల్లెళ్ళ గురించి అడగండి. టెస్టు అంటూ చేయిస్తే ముందు క్యాన్సర్ వచ్చిన మనిషికి చేయించడం మంచిది, ఏ మార్పు కోసం వెతకాలో అప్పుడే తెలుస్తుంది. తమ్ముడి రక్తం పోయిన వారం ఇచ్చాం. వాడి రిపోర్టు కూడా ఫోన్‌కి పంపొద్దని, పిలిచి చెప్పమని ఫారం మీద రాయించాను. మీరూ అలాగే రాయించుకోండి.